బొబ్బిలి, చందుర్తి, పద్మనాభము: మూడు యుద్ధభూముల బాట

కళింగాంధ్రమునందును దాని దక్షిణపుటంచునను 37 సంవత్సరముల కాలములో మూడు యుద్ధములు జరిగెను. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీని బొబ్బిలికోట కూలెను. 1758 డిసెంబరునందు పిఠాపురమునకు సమీపమునగల చందుర్తి పొలములలో ఫ్రెంచివా రోడిరి. 1794 జూలైలో పద్మనాభమువద్ద విజయనగరప్రభువు నేలకొరిగెను. బడిపుస్తకములలో నీ మూడును మూడుచోట్ల కనబడును. మొదటిది వీరగాథయై సాహిత్యపాఠమున జేరినది. రెండవది ఫ్రెంచివారికిని ఆంగ్లేయులకును జరిగిన కలహములలో నొక చిన్న ప్రకరణముగా చరిత్రపాఠమున నున్నది. మూడవది స్థానికచరిత్రలు వ్రాయువారికి వదలివేయబడినది. నిజమునకు ఇవి మూడు కథలు గావు. ఒక్క కథకు మూడంకములు. మొదటి యంకమున పసిబిడ్డడై కోటనుండి బయటపడినవాడు మూడవ యంకాంతమున తన తండ్రి రాజ్యమునకు తిరిగివచ్చెను. ఈ సంబంధము గ్రంథములలో దొరకకపోదు గాని, ఆ యూళ్లను వరుసగా చూచినవానికి పట్టుబడినంత సులభముగా చదువరికి పట్టుబడదు.

చూడవలసిన వరుస యిది. రాజాములో బయలుదేరి బొబ్బిలికి వచ్చి, అటనుండి విజయనగరము చేరి, దక్షిణముగా కశింకోటమీదుగా గొల్లప్రోలు, చందుర్తులవఱకు పోయి, మరల ఉత్తరముగా సింహాచలము, పొట్నూరు చూచి పద్మనాభమున నాగవలెను. పద్మనాభము విజయనగరమునకు చేరువనే యున్నది. అయినను పోవునపుడు దానిని విడిచి వచ్చునపుడే చూడవలెను. దూరము కొంత పెరుగును గాని కాలక్రమము చెడదు. బండిమీద పోవువారికి నాలుగుదినములు చాలును. వానలు వెనుకబట్టిన కార్తిక మార్గశీర్షము లనుకూలము. చందుర్తియుద్ధము జరిగినదియు ఆ ఋతువునందే; పద్మనాభపు దీపోత్సవము వచ్చునదియు కార్తికమాసమునందే.

రాజాము నేడు వర్తకముచే పెరిగిన పట్టణము. బొబ్బిలికథలో దీనికి గల స్థానము మిక్కిలి ముఖ్యమైనది. బొబ్బిలిప్రభువగు రంగారావు భార్య మల్లమ్మదేవి. ఆమె సోదరుడు తాండ్ర పాపారాయుడు. కోట ముట్టడింపబడునప్పుడు ఆతడు తన బలముతో రాజామున నుండెను. మల్లమ్మదేవి పంపిన వార్త ఆతనికి అందవలసిన వేళ కందలేదని కథ చెప్పును. రాజామునకును బొబ్బిలికిని నడుమ దూరము సుమారు 30 కిలోమీటరులు. నేటి బాటమీద నది గంటలోపలి ప్రయాణము. ఆనాటి కాలిబలమున కది దినమంతటి నడక. కథకుడు పాపారాయుని నిస్సహాయతను ఎన్ని విధముల వర్ణించినను, ఆ దూరమును స్వయముగా దాటిచూచినపుడు గాని, ఒక్క ఉదయములో కోట కూలిన సంగతికి గల బరువు తెలియదు.

బొబ్బిలి యను పేరునుగూర్చి యొక యైతిహ్యము గలదు. 17వ శతాబ్దిలో గోలకొండ సుల్తానుల పక్షమున శ్రీకాకుళమునకు వచ్చిన షేర్ మహమ్మదుఖానుతోడ ఈ వంశమునకు మూలపురుషుడగు పెద్దారాయుడు వచ్చి, ఆతని యనుగ్రహమున నీ సీమను సంపాదించి, షేర్ అను పేరునకు పులి యను నర్థము గలుగుటచే తన యూరికి బెబ్బులి యని పేరిడెనని యందురు. కావ్యభాషలో పెబ్బులి, బెబ్బులి యను రూపములు రెండును గలవు. బెబ్బులి బొబ్బిలియగుట కేమి యడ్డము? ఓష్ఠ్యముల నడుమ జిక్కిన ఎకారము ఒకారమగుట ఉచ్చారణధర్మమునకు విరుద్ధము గాదు. ఒకారము వచ్చిన తరువాత దాని వెనుకనున్న ఉకారము ఇకారముగా సడలుటయు అట్టిదే. ఐతిహ్యము నిజమని యింతమాత్రమున తేలదు. ధ్వనిశాస్త్రము దానికి అడ్డు తగులదని మాత్రము తేలును. ఊరిపేరులవిషయమున నింతకంటె నెక్కువ కోరుట తఱచుగా కల్పనకు దారితీయును.

పాతకోట యుండిన తావును, నేటి రాజభవనములున్న తావును వేఱువేఱు. యుద్ధభూమిని గుఱుతించుటకు బొబ్బిలిప్రభువులు 19వ శతాబ్ది తుదిభాగమున స్తంభము నిలిపిరి. ఆ వంశపువాడగు వేంకట శ్వేతాచలపతి రంగారావు తన జమీందారీ చరిత్రమును ఆంగ్లమున గ్రంథముగా ప్రకటించెను. స్తంభమువద్ద నిలిచి చూచువాడు ఆనాటి కోటను ఊహించుకొనవలసినదే. మట్టిగోడలు, మూలబురుజులు, చుట్టును దట్టమైన యడవి: ఓర్ము అను నాంగ్లేయచరిత్రకారుడు ఈ సీమ కోటలను వర్ణించిన విధ మిది. అడవి నేడు లేదు. ఆ యడవి యుండుటచేతనే కోటకు బలము. అది లేనిచోట ఆ కోటనుగూర్చి వ్రాసిన దంతయు అతిశయోక్తివలె దోచును.

ముట్టడించినవారు ఫ్రెంచి సేనాని బుస్సీయు, ఆతనికి తోడు వచ్చిన విజయనగరప్రభువు పూసపాటి పెద విజయరామరాజును. రెండు సంస్థానములకును పొలిమేరతగవులు పూర్వమునుండియు గలవు. విజయరామరాజు తన పగ తీర్చుకొనుటకు పరదేశీయుల ఫిరంగులను తోడు తెచ్చుకొనెను. బుస్సీ దివానగు హైదరుజంగును లంచముచే లోబఱచుకొనెనని జంగముకథ చెప్పును. తెల్లవాఱుచుండగా ఫిరంగులు బురుజులమీద మ్రోగెను. గోడలు పగిలిన తరువాతను లోనివారు లొంగక గంటలకొలది పోరాడిరి. గెలుపు లేదని తెలిసినపుడు తమ స్త్రీలను బిడ్డలను తామే చంపి, యిండ్లకు నిప్పుపెట్టి, మరల గోడలమీదికి వచ్చి చచ్చిరి. రంగారావు గుండు తగిలి కూలెను. పోరు ముగిసిన పిమ్మట నొక వృద్ధుడు పసిబాలుని చేత బట్టుకొని లా యను ఫ్రెంచి సేనానియొద్దకు వచ్చి, వీడు రంగారావు కొడుకనియు, తండ్రి యిష్టమునకు వ్యతిరేకముగా వీనిని దాచితిననియు చెప్పెనని ఓర్ము వ్రాసెను. ఆ బాలుడే చిన రంగారావు. ఈ పేరు చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

మూడవరాత్రి విజయరామరాజు తన గుడారములో హతుడయ్యెను. ఇచ్చట నిద్దఱు సాక్షులు భిన్నముగా పలుకుచున్నారు. కథలో ఆ పని చేసినవాడు తాండ్ర పాపారాయుడు. 1778లో వెలువడిన తన గ్రంథభాగమున ఓర్ము పాపారాయుని పేరెత్తలేదు. కోటలో మిగిలిన నలుగురు భటులు గోడ దిగి, శత్రువుల విడిదిలోనుండియే నడచి వచ్చి పొదలలో దాగిరనియు, మూడవరాత్రి వారిలో నిద్దఱు గుడారముజొచ్చి ప్రభువును 32 పోట్లు పొడిచిరనియు, వారు తప్పినచో మిగిలిన యిద్దఱును ఆ పనికి ప్రమాణము చేసియుండిరనియు ఆతని కథనము. శత్రువుల విడిదిలో వారి నెవ్వరును ఏల గుఱుతింపలేదు? ఉభయులదియు నొక్కటే భాష యగుటచేత నని ఓర్ము చెప్పిన కారణము. ఆ యొక్క వాక్యమున నా యుద్ధపు స్వరూపమంతయు నున్నది. ఫిరంగులు పరదేశపువి; రెండువైపుల చచ్చినవారిలో నధికసంఖ్యాకుల మాట తెలుగు.

ఓర్ము చెప్పినది నిజమనియు, జంగములు పాడినది కట్టుకథయనియు కొందఱు తొందరపడి తీర్మానింతురు. ఈ తీర్మానము నిలువదు. ఓర్ము చెన్నపట్టణమున కౌన్సిలుసభ్యుడుగా నుండినవాడేగాని బొబ్బిలిలో నుండినవాడు కాడు. విన్న సంగతులను చేర్చినవాడు. జంగముకథకుడును విన్నవాడే. ఒకరు సేనానుల నోట వినిరి. ఒకరు సీమలో వినిరి. సేనాని దృష్టిలో గుడారముజొచ్చినవారు పేరులేని భటులు. సీమలోని శ్రోతకు పేరులేని వీరుడుండడు. కావున ఓర్మునుండి సంఖ్యలను క్రమమును గ్రహింపవచ్చును. కథనుండి బంధుత్వములను, ఊరిపేరులను, అవమానములను గ్రహింపవలెను. రాజామున పాపారాయుడు లేనిచో బొబ్బిలికథకు మూలమే లేదు.

ఆ శతాబ్ది ముగియకముందే దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రమును పద్యకావ్యముగా రచించెను. జంగములు తంబురమీటుచు బొబ్బిలికథను ఊరూర పాడిరి. బ్రౌను దొర ఆ కథను వ్రాయించి భద్రపఱచెను. 20వ శతాబ్దిలో శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రియు, వేదము వేంకటరాయశాస్త్రియు దీనిని నాటకములుగా రచించిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మ బొబ్బిలి యుద్ధకథను పరిష్కరించి 1956లో ప్రకటించెను. ఓడిన పక్షమునకు వాఙ్మయము ఇంత విరివిగా లభించుట తెలుగుదేశమున పలనాటికి దప్ప వేఱొకదానికి గలిగినట్లు కానరాదు.

బొబ్బిలి విడుచుటకు ముందు గొల్లపల్లిలో వీణలు చేయువారి యిండ్లు చూడదగును. సర్వసిద్ధివారు పనసమ్రానిని ఒక్క దుంగగా తొలిచి వీణ చేయుదురు. కుండయు దండియు అతుకు లేక యొకే కొయ్యలో నుండుటచే దీని నేకాండవీణ యందురు. భౌగోళికసూచికగా నిది ప్రభుత్వపు గుర్తింపును పొందినది. ఉలిదెబ్బలు ఎంత లోతుగా పడవలెనో కొలబద్దతో గాక చేతితో నెఱిగిన పనివారు వీరు. యుద్ధమునకును వీణకును సంబంధమేమని యడుగువారు, ఆ సంస్థానము 1757 తరువాత మరల నిలిచినదన్న సంగతికి ఇంతకంటె మంచి సాక్ష్యము చూపవలసియుండును.

విజయనగరము బొబ్బిలికి సుమారు 55 కిలోమీటరులు. దీనిని తుంగభద్రాతీరపు విజయనగరముతో నొకటిగా భావింపరాదు. ఈ కోటకు 18వ శతాబ్ది తొలిభాగమున పునాదులు పడెను. యాత్రికులు కోటను, మూడు లాంతర్ల కూడలిని చూచి పోవుదురు. ఈ బాటకు సంబంధించినంతవఱకు ముఖ్యమైనది పైడితల్లిగుడి. పైడిమాంబ పెద విజయరామరాజు సోదరి యనియు, బొబ్బిలిమీదికి పోవలదని యన్నను వారించినదనియు, ఆతని మరణవార్త విని పెద్దచెఱువున బడి ప్రాణములు విడిచినదనియు ఇచ్చటి జనుల నమ్మకము. అదే సంవత్సరము ఆమె ప్రతిమ చెఱువున దొరకెనని చెప్పుదురు. విజయదశమి వెళ్లిన తరువాతి మంగళవారమున జరుగు సిరిమానోత్సవమునకు నేటికిని ఉత్తరాంధ్రమంతయు దరలివచ్చును.

బొబ్బిలిలో నోడినవారు పాట కట్టిరి. విజయనగరమున గెలిచినవారు దుఃఖమును దేవతగా నిలుపుకొనిరి. బొబ్బిలికథ వినినవాడు విజయరామరాజును క్రూరునిగా మాత్రమే యెఱుగును. పైడితల్లిగుడి ముందఱ నిలిచినవాడు ఆ క్రూరునికొఱకు ఏడ్చిన చెల్లెలిని ఎఱుగును. ఈ రెంటిని ఒకే దినమున చూచుట సాధ్యము. పండితులు విద్యార్థులను కొనిపోయినచో తప్పక అట్లే చూపవలెను. ఒక్కదానిని చూచినవాడు సగము చదివినవాడు.

విజయరామరాజు తరువాత ఆనందరాజు గద్దెయెక్కెను. బుస్సీ తనయెడ న్యాయము చూపలేదని యాతనికి కినుక కలిగెను. 1758లో ఫ్రెంచి గవర్నరు లాలీ బుస్సీని దక్షిణమునకు పిలిపించుకొనగా ఆనందరాజునకు సందు దొరకెను. ఆతడు విశాఖపట్టణమును ఫ్రెంచివారినుండి పట్టుకొని, ఆంగ్లేయులకు కబురు పంపెను. వంగదేశమునుండి క్లైవు పంపిన కర్నలు ఫోర్డు సముద్రముమీద విశాఖకు వచ్చి, కశింకోటవద్ద ఆనందరాజును కలిసికొనెను. కశింకోట నేడు అనకాపల్లి ప్రక్కన పెద్దబాటమీద నుండుటచే వాహనములు నిలువక పోవుచుండును. దక్షిణకోస్తా తలవ్రాత ఆ యూళ్లో నొక యొడంబడికగా మారినదని నిలిచి చెప్పువారు అరుదు. ఒక పరదేశీయుని బలముతో పగ తీర్చుకొన్న వంశమే, ఏడాదిన్నర తిరిగి రెండేండ్లు నిండకముందే, ఆ పరదేశీయుని వెడలగొట్టుటకు వేఱొక పరదేశీయుని పిలిచెను.

అక్కడినుండి తుని దాటి పిఠాపురపుసీమ ప్రవేశింపవలెను. పిఠాపురమున కుంతీమాధవాలయమునందలి పృథ్వీశ్వరుని స్తంభశాసనము శకవర్షము 1108కి, అనగా క్రీస్తుశకము 1186కి, చెందినది. శాసనాభిరుచి గలవారు దానిని విడువరు. యుద్ధభూమి మాత్రము అటనుండి గొల్లప్రోలువైపు పొలములలో నున్నది.

ఈ యుద్ధమునకు ఆంగ్లగ్రంథములలో కాండోరుయుద్ధమని పేరు. ఫ్రెంచివారు గాలపూలువద్ద దిగిరనియు, ఆంగ్లేయులు చాంబోలువద్ద మెట్టనేలమీద నిలిచిరనియు వానియందు గలదు. ఈ పేరులను పటములో వెదకువానికి ఒక్కటియు దొరకదు. వ్యాకరణ మెఱిగినవానికి రెండు వెంటనే దొరకును. గాలపూలు గొల్లప్రోలు, చాంబోలు చేబ్రోలు. ప్రోలు అనగా పట్టణము. ఉత్తరపదముగా నున్నపుడు దానియందలి రేఫమును పరదేశీయుని చెవి పట్టలేదు. గొల్లప్రోలున మకార మెక్కడను లేదు, చాంబోలున నున్నది, ఇది గమనింపదగినది. గుంటూరుసీమయందలి చేబ్రోలు శాసనములలో చెంబ్రోలనియు, సంస్కృతమున తామ్రపురి యనియు గానవచ్చును. చెంబు తామ్రమని యందఱెఱిగినదే. తరువాత పూర్ణానుస్వారము సడలి చేఁబ్రోలని అర్ధానుస్వారముతో వ్రాయుట గలిగినది. గోదావరిసీమయందలి యీ చేబ్రోలు పేరునుగూడ 18వ శతాబ్దిలో పలికినవారి నోట ఆ నాసిక్యము పూర్తిగా నశింపలేదని ఆంగ్లేయుని చాంబోలే చూపుచున్నది. తెలుగువారు వ్రాతనుండి వదలిన ధ్వనిని తెలుగెఱుగనివాడు భద్రపఱచెను.

కాండోరు మాటయు నట్టిదే. స్థానికముగా యుద్ధము చందుర్తి పేర ప్రసిద్ధము. పిఠాపురమునకు దాపున కొండెవరమను గ్రామము గలదు. కాండోరునకు దీని పోలిక స్పష్టము. సేనలు తెల్లవాఱకముందే బయలుదేరి మైళ్లకొలది కదలి పోరాడినపుడు, యుద్ధమునకు ఒక్క యూరిపేరే యుండవలెనను నియమము లేదు. అనువాదకుడు ఈ సంగతి విచారింపక ఆంగ్లాక్షరములను చూచి కొండూరని తిరిగి తెలుగుచేసినచో, గొల్లప్రోలు బడిలో చదువు బాలుడు తన తాతల పొలములో జరిగిన యుద్ధమును ఏ దూరదేశపు కొండూరుననో జరిగినట్లు కంఠస్థము చేయును. ఇంతటి నష్టము ఒక్క అక్షరదోషమువలన గలుగును.

యుద్ధక్రమము చిత్రమైనది. ఫ్రెంచిసేనాని కాన్‌ఫ్లాన్ పక్షమున సుమారు 500 ఐరోపీయులును 6,000 సిపాయిలును ఉండిరి. ఫోర్డు పక్షమున సుమారు 470 ఐరోపీయులును 1,900 సిపాయిలును. ఆనందరాజు బలము వేలకొలదిగా నున్నను పోరులో నక్కఱకు వచ్చినది స్వల్పము. ఫోర్డు వేకువకు ముందే కదలుట చూచి వెనుదీయుచున్నాడని తలచి ఫ్రెంచివారు తొందరగా వెంబడించిరి. ఆంగ్లేయులకు ముందుభాగమున నిలువెత్తు పెరిగిన జొన్నజాతి పైరు అడ్డుగా నుండెను. దాని వెనుక నాంగ్లపటాలము కనబడలేదు. కనబడినవారు ఎఱ్ఱచొక్కాలు తొడిగిన దేశీయసిపాయిలు. వారినే ఆంగ్లేయులనుకొని ఫ్రెంచిపటాలము వారిమీదికి నడిచెను, సిపాయిలు విఱిగిరి, ఫ్రెంచివారు వరుస చెడి తఱుముచుండగా చేనిప్రక్కనుండి ఆంగ్లపటాలము వెలువడి కాల్చెను. అంతతో ఫ్రెంచివారు వెనుకకు పాఱిరి. కాన్‌ఫ్లాన్ గుఱ్ఱములు మార్చుకొనుచు రాజమహేంద్రవరమునకు పరుగెత్తెను. ఫిరంగులును సామానులును ఆంగ్లేయుల చేజిక్కెను.

ఒక చొక్కారంగును, ఒక చేని యెత్తును ఇంతపని చేసినవి. చందుర్తికి పోవువారికి ముఖ్యముగా చూపవలసినది పొలమే. డిసెంబరుమాసమున పోవలెననుటకు కారణమిదియే. పైరు మనిషి యెత్తు పెరిగినపుడు అందులో పదియడుగులు నడచిచూచినచో పటాలమొక్కటి దాగుట యెట్లో తెలియును. పైరు లేని వేసవిలో చూచినవానికి ఆ నేల బల్లపరుపు. యుద్ధకథ నమ్మశక్యము గాదు.

దీని ఫలము అపారము. ఆనందరాజు ఇచ్చెదనన్న ధనము నీయక జాగుచేయుటచే ఫోర్డు కొంతకాలము నిలిచిపోయినను, 1759 ఏప్రిలునందు మచిలీపట్టణపుకోట నర్ధరాత్రమున ముట్టడించి పట్టుకొనెను. మేనెలలో సలాబతుజంగు ఆంగ్లేయులతో సంధి చేసికొనెను. 1765లో ఢిల్లీపాదుషాయగు షా ఆలం ఫర్మానాయు, మరుసటియేట నైజాముతో సంధియు ఉత్తరసర్కారులను వారికి స్థిరపఱచెను. బొబ్బిలియుద్ధమున తెలుగుదేశపు ప్రభుత్వమేమియు మాఱలేదు, చందుర్తియందు మాఱినది. అయినను బొబ్బిలికథవలె ఇంటింట వినబడు పాట చందుర్తికి లేదు. కారణ మూహింపవచ్చును. చందుర్తిలో గెలిచినవారును ఓడినవారును ఆ యూరివారు గారు. ఆనందరాజు తన నేలమీద పోరాడలేదు. పిఠాపురమువారు తమ మానమునకై పోరాడలేదు. సిపాయిలు జీతమునకై పోరాడిరి. పాటకు కావలసినది ఫలితము గాదు, పరాభవము. పాటనుబట్టి చరిత్ర వ్రాయువారు ఈ లోపమును ఎఱిగియుండవలెను. పాటను త్రోసివేసి చరిత్ర వ్రాయువారు బొబ్బిలిలోని ఆ యొక్క దినమును ఎన్నటికిని ఎఱుగలేరు.

ఆనందరాజు మచిలీపట్టణమునుండి తిరిగివచ్చుచు రాజమహేంద్రవరమున మశూచికముచే మృతుడయ్యెను. బాలుడగు చిన విజయరామరాజు గద్దెకు వచ్చెను; ఆతని యన్న సీతారామరాజు చిరకాలము రాజ్యవ్యవహారములను నడపెను.

ఉత్తరముగా తిరిగివచ్చునపుడు సింహాచలమున దిగి, కృష్ణదేవరాయలు 1516లో వేయించిన శాసనమును చూడవలెను. గజపతులమీద దండెత్తివచ్చిన రాయలు పొట్నూరున జయస్తంభము నాటి, సింహాద్రినాథునకు 991 ముత్తెముల హారమును మఱికొన్ని యాభరణములను సమర్పించెను. పద్మనాభమునకు సమీపమునగల పొట్నూరే యది. కావ్యములలో పొట్టునూరని కానవచ్చును. నడిమి ఉకారము లోపించి నేటి రూపమేర్పడినది. మనుచరిత్ర చదువు విద్యార్థులు ఈ పేరును రాయల దిగ్విజయవర్ణనలోని యలంకారముగా భావించి దాటిపోవుదురు. అది నేటికిని పన్నులు కట్టుచున్న గ్రామము.

పద్మనాభము గోస్తనీనదికి చేరువగా కొండక్రింద నున్నది. కొండమీద అనంతపద్మనాభస్వామి, కొండదిగువను కుంతీమాధవస్వామి. పిఠాపురమున నొక కుంతీమాధవుని చూచి వచ్చినవానికి ఇచ్చట రెండవవాడు కనబడును. కొండకు వేయికి పైబడిన మెట్లు గలవు. కార్తికమాసము తుదినాటి అమావాస్యను ఆ మెట్లన్నిటిమీదను దీపములు వెలిగింతురు.

1794నాటికి సర్కారులన్నిటిలో విజయనగరమే పెద్ద సంస్థానము. కంపెనీవారికి కట్టవలసిన పేష్కషు బాకీపడెను. చెన్నపట్టణపు ప్రభుత్వము సంస్థానమును స్వాధీనపఱచుకొని, చిన విజయరామరాజును నెలకు 1,200 రూపాయలు తీసికొని మచిలీపట్టణమునకు పోయి యుండుమని యాజ్ఞాపించెను. ఆతడు బయలుదేరినట్లే బయలుదేరి, పద్మనాభమున నాగి, దండు విడిసెను. కర్నలు ప్రెండర్‌గాస్టు సేనతో వచ్చెను. జూలై 10వ తేదీని జరిగిన పోరు గంటసేపైన సాగలేదు. రాజు కూలెను, ఆతని చుట్టును బంధువులగు రాచవారు పెక్కండ్రు కూలిరి. ఆతని కుమారుడు నారాయణబాబు పసివాడు. వానిని కొండసీమలకు కొనిపోయిరి. మన్యపు దొరలు బాలునిపక్షమున లేచుటచే కంపెనీవారు రాజీకి రాక తప్పలేదు. 1796లో ఆ బాలునకు సంస్థానము మిక్కిలి తగ్గింపబడి తిరిగి యీయబడెను.

ఆ రాజు గెలుపునకై నిలిచినట్లు కనబడదు. వేయిమెట్ల కొండ వెనుకనుండగా పాఱిపోవలసినవాడు మన్యమునకు పాఱిపోవచ్చును. అతని కొడుకును కొనిపోయిన త్రోవ అదియే. 1757లో బొబ్బిలివారు ఏ కారణమున కోటను వదలక చచ్చిరో, 1794లో వారి శత్రువంశపువా డదే కారణమున కొండదిగువను నిలిచి చచ్చెను. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి పాడిన కవి లేకపోవుట తెలుగున నొక లోటు. బొబ్బిలిపక్షమువారు విజయరామరాజును పేరుపెట్టి దూషించునపుడు ఇద్దఱు విజయరామరాజులు గలరని చెప్పువా డొకడైన నుండవలసినది.

ఇక చిన రంగారావు. బొబ్బిలికోటనుండి వృద్ధుని చేయిపట్టుకొని వచ్చిన యా బాలుడు ఫ్రెంచివారి దయచే కొంత భూమి పొందియు నిలుపుకొనలేకపోయెను. పూసపాటివారు ఆతనిని విజయనగరకోటలో బంధించిరి. ఆతడు తప్పించుకొని నైజామురాజ్యమున తలదాచుకొనెను. పద్మనాభమున విజయనగరము కూలిన యా 1794లోనే కంపెనీవారు ఆతనిని పిలిపించి, విజయనగరమునుండి విడదీసిన బొబ్బిలిని ఆతని కిచ్చిరి. అప్పటికి ఆతనికి నలువదేండ్లకు సమీపించిన వయస్సు. తండ్రి చచ్చిన కోట లేదు. 1801లో ఆతని కొడుకు పేర శాశ్వతపరిష్కారము జరిగి జమీందారీ స్థిరపడెను. పద్మనాభమునుండి విజయనగరముమీదుగా బొబ్బిలికి మరల పోవు బాట యాతడు తిరిగివచ్చిన సీమగుండనే సాగును. కాలవ్యవధి గలవారు నాలుగవదినమున దానివెంట పోయి, స్తంభమును రెండవమాఱు చూడవచ్చును.